అండాలమ్మ ఏరిన రిమ్ము

మొన్న ఎల్బీనగర్‌లో మెట్రో స్తంభాలకు ఎదురుగా ఉన్న ఒక సైకిళ్ల షాపుకు వెళ్లాను. రోజూ కాస్త ఒళ్లు కదిలించమని డాక్టరు చెప్పి ఏడాదైంది; ఇన్నాళ్లకు కదిలాను. ఏసీ గది, కొత్త రబ్బరు వాసన, గోడలకు వేలాడుతున్న రంగురంగుల సైకిళ్లు. షాపతను ఒకదాని వెనక చక్రాన్ని గాలిలోకి లేపి తిప్పుతూ, అల్లాయ్ రిమ్ము మేడమ్, డబుల్ వాల్, దూదిలా ఉంటుంది అని చెప్పుకుపోతున్నాడు. నేను వింటూనే వంగి, తిరుగుతున్న చక్రాన్ని అరచేత్తో ఆపి, పక్కపక్కనున్న రెండు పోచల్ని, అదే స్పోకుల్ని, గోటితో మీటాను. ఒకటి కంగుమంది, రెండోది బొంగురుగా పలికింది. అంత ఖరీదైన చక్రాన్ని ఎవరో తొందర తొందరగా బిగించి పంపేశారు. ఆ బొంగురు శబ్దం చెవిన పడగానే నేను ఆ షాపులో లేను. దిల్‌సుఖ్‌నగర్ సందులో ఒక రేకుల షెడ్డు ముందు, షాబాదు బండ మీద కూర్చుని ఉన్నాను.

ఆ షెడ్డు అండాలమ్మది. ఆమెను మీలో ఎవరూ చూసి ఉండరు, పేపర్లో పేరు పడే మనిషి కాదు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి మూసారాంబాగ్ వైపు పోయే రోడ్డులో ఒక సందు మొదట్లో సైకిల్ చక్రాలు కట్టేది, అంతే. పోచంపల్లి దగ్గర నేత పల్లె ఆమెది. మగ్గం కూడు పెట్టడం మానేశాక మొగుడూ పెళ్లాలు పట్నం వచ్చి సైకిల్ షాపు పెట్టుకున్నారు. ఆయనకు పంక్చర్లు బాగా వచ్చేవి, చక్రం మాత్రం చేతికి వచ్చేది కాదట. ఆ పని మొదటి నుంచీ ఆమే చేసింది, ఆయన పోయాక షాపంతా ఆమే అయింది. చదువుకున్నవాళ్లను, బిరుదులున్నవాళ్లను చాలామందిని చూశాను కానీ, ఆమె ముందు నోరు తెరుచుకుని నిలబడ్డట్టు ఇంకెవరి ముందూ నిలబడలేదు.

అవి తెలంగాణ కోసం జనమంతా రోడ్డెక్కిన రోజులు. నేను మన్సూరాబాద్‌లో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేదాన్ని. ఇరవై నాలుగేళ్ల వయసు, దానికి తగ్గ పొగరు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాన్న నల్లగొండ పల్లె నుంచి వచ్చి, ఈ తూర్పు వైపు కాలనీల్లో ఎన్నో ఇళ్లకు గోడలు లేపిన మేస్త్రీ. ఆయనకు రెండు కిడ్నీలూ చెడిపోయాయి. వారానికి రెండుసార్లు, మంగళవారం ఒకసారి, శుక్రవారం ఒకసారి, మూసారాంబాగ్ దగ్గర ఒక దవాఖానలో డయాలసిస్ చేయించాలి. ఒకటి తప్పితే ఒంట్లో నీరు చేరి, పాదాలు ఉబ్బి, ఊపిరి బరువయ్యేది. రెండు తప్పితే ఏమవుతుందో డాక్టరు నన్ను విడిగా పిలిచి చెప్పాడు.

సమ్మె మొదలై బస్సులు డిపోల్లోనే ఉండిపోయాయి. బంద్ రోజు ఆటోలు ఉండవు. అంబులెన్సు ప్రాణం మీదికొస్తే వస్తుంది కానీ వారం వారం తీసుకుపోవడానికి రాదు. పక్కింటాయన బండి మీద రెండుసార్లు దింపాడు, మూడోసారి అడగడానికి నాకు మొహం చెల్లలేదు. పోనీ ఉద్యమం మీద కోపం తెచ్చుకుందామంటే నాన్న ఒప్పుకోడు. "కొట్లాడేది మన కోసమే గద బిడ్డా, ఆళ్లనెట్ల అంటం?" అనేవాడు. నాకూ ఆ మాటే మనసులో ఉండేది. చివరికి ఆయన పనికి తొక్కిన పాత సైకిల్‌నే బయటికి తీశాను. క్యారియర్ మీద చెక్క బిగించి, దాని మీద దిండు కట్టి, నాన్నను ఎక్కించుకుని బయలుదేరాను. దారిలో ఆడపిల్ల తండ్రిని సైకిల్ మీద తీసుకుపోతోందని ఆగి చూసినవాళ్లు చూశారు, నేను బెల్లు కొట్టుకుంటూ పోయాను.

రెండో ప్రయాణంలోనే, కొత్తపేట దాటి దిల్‌సుఖ్‌నగర్‌లోకి వచ్చాక, గుంతలో పడి వెనక చక్రం ఎనిమిది అంకెలా వంగిపోయింది. నాన్న కింద పడ్డాడు. డయాలసిస్ సూదులు గుచ్చేది ఎడమ చేతికి. ఆ చేతి నరం దెబ్బతింటే మళ్లీ మొదటికొస్తుంది. అదృష్టం బాగుండి కుడివైపు పడ్డాడు. నేను రోడ్డు మీదే ఏడ్చాను, సిగ్గు లేకుండా. ఎదురు సందులో సగం దించిన షట్టర్ కింద నుంచి ఒక సన్నటి మనిషి వంగి బయటికొచ్చింది. యాభై దాటిన వయసు, నేత చీర, కొంగు బొడ్లో దోపుకుని, కళ్లద్దాలకు నల్ల దారం. మమ్మల్నిద్దరినీ లోపలికి తీసుకుపోయి నాన్నకు చెంబుతో నీళ్లిచ్చింది. ఆయన పెదాలు మాత్రం తడుపుకుని చెంబు దించాడు. ఎందుకని ఆమె అడిగితే, తాగిందంతా ఒంట్లోనే ఉండిపోతుందని, దవాఖానలో యంత్రం పెట్టి ఆ నీళ్లు తీస్తారని చెప్పాడు. ఆమె తన సొంత సైకిల్ గోడ నుంచి తీసి నా చేతికిచ్చింది. "ఇయ్యాల బంద్, బేరం చెయ్య. గిది తీస్కపో, పొద్దుమీకి తెచ్చియ్యి," అంది. మా పేర్లు కూడా అడగలేదు.

మర్నాడు చక్రం కట్టించుకుందామని వెళ్లాను. వెళ్లేటప్పటికే నాకో పథకం ఉంది. ఉన్న కాసిన్ని డబ్బులూ పెట్టి అల్లాయ్ రిమ్ము వేయించాలి. తేలిక, తుప్పు పట్టదు, తళతళలాడుతుంది. ఆ మాట చెప్పి, లెక్కల టీచర్ని కదా, కాయితం మీద లెక్క కూడా చూపించాను. వెనక చక్రానికి నలభై పోచలు, మా ఇద్దరి బరువును నలభైతో భాగిస్తే ఒక్కోదాని మీద పడేది ఇంతే. అండాలమ్మ కాయితాన్ని శ్రద్ధగానే చూసి, నా క్లాసులో పిల్లలంతా ఒక్కతీరుగా చదువుతారా అని అడిగింది. తిరిగేటప్పుడు ఏ పోచ కిందికొస్తే ఆ చుట్టుపక్కల వాటికే అసలు పని పడుతుందట, మిగతావి వంతు కోసం ఎదురుచూస్తాయట. నా కాయితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

తర్వాత నాన్న బరువెంతని అడిగింది. యాభై ఎనిమిది కిలోలని చెప్పాను.

"పోయేటప్పుడా, ఒచ్చేటప్పుడా?"

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. నేను చెప్పింది డయాలసిస్ అయి నీళ్లు తీశాక ఉండే బరువు. పోయేటప్పుడు నాన్న మూడు నాలుగు కిలోలు ఎక్కువుంటాడు. ఆ తేడా నర్సులు తప్ప ఎవరూ అడగరు; ఇంట్లో ఉన్న నాకే ఆ లెక్క తట్టలేదు. ముందురోజు నాన్న అన్న ఒక్క మాట పట్టుకుని ఆమె అక్కడిదాకా వెళ్లింది. పోయేటప్పటి బరువు చెప్పాను. తలూపి, లోపలి నుంచి ఆరు రిమ్ములు తెచ్చి వరసగా పెట్టింది.

ఆమె రిమ్ము ఏరడం చూడాలి. ముందుగా ఒక్కోదాన్నీ షాబాదు బండ మీద పడుకోబెట్టి అంచును వేలితో నొక్కేది. ఎక్కడైనా లేస్తే పక్కన పెట్టేసేది. తర్వాత కళ్లు వేరే ఎటో పెట్టి, అతుకు ఉన్నచోట బొటనవేలి గోరు నడిపించేది. తర్వాత దాన్ని చూపుడు వేలికి తగిలించి, పోచలు బిగించే చాబీతో మెల్లగా తట్టేది. మంచిది చాలాసేపు మోగుతుంది, లోపల పగులున్నది మోగబోయి ఆగుతుంది. చివరికి పోచల రంధ్రాల అంచుల్ని తడిమేది. మెరుస్తున్న రెండు మొదటే బండ మీద పోయాయి. ఒకటి అతుకు దగ్గర పోయింది. మిగిలిన మూడింటిలో అన్నిటికన్నా బొద్దుగా, కాస్త మాసినట్టుగా ఉన్న ఇనుప రిమ్మును తీసి నా ఒళ్లో పెట్టింది. ధర నేననుకున్నదాంట్లో సగం కూడా లేదు. నా మొహం చిన్నబోవడం చూసిందేమో, పక్కన కూర్చుంది.

"అల్లాయ్ గూడ మంచిదే బిడ్డ. మంచి రోడ్డు మీద ఒక్క మనిషికైతే దాన్ని మించింది లేదు. కానీ నేను జూసినయి చెప్పకుండ పగిలినయి. ఇనుము ముందుగాల వంగుతది, వంగి చెప్తది. నీకు చెప్పే రిమ్ము గావాలె. దీన్ని ఏ ఊర్ల ఎవ్వడైనా సుత్తెతోని సాపు జేస్తడు."

ఆ మధ్యాహ్నమంతా ఆమె చక్రం కడుతుంటే కూర్చుని చూశాను. మా వైపు చేనేత ఇళ్లలో ఆసు అని ఒకటి ఉంటుంది. చెక్కకు సగం వలయంగా మేకులుంటాయి, ఎదురుగా ఒక్క మేకు. ఆడవాళ్లు దారాన్ని ఆ ఒక్క మేకు నుంచి వలయంలో ఒక్కో మేకుకూ వేసి తెస్తుంటారు. ఒక్క చీరకు వేలసార్లు చెయ్యి అటూ ఇటూ ఆడాలి. ఏ దారమూ వదులు కాకూడదు, ఏదీ ఎక్కువ బిగియకూడదు, అది వేలికే తెలియాలి. పదేళ్ల వయసు నుంచి పెళ్లయ్యేదాకా, పెళ్లయ్యాక పట్నం వచ్చేదాకా ఆ పని చేసిన చెయ్యి అది. ఇప్పుడు దారం బదులు పోచ, మేకుల బదులు రిమ్ము. ఒకదాని మీదుగా ఒకటి, ఒకదాని కిందుగా ఒకటి, మాట్లాడుతూనే నలభై పోచలు అల్లేసింది. తర్వాత చక్రాన్ని తిప్పుతూ వేలు ఆనించి ఒక్కోదాన్నీ మీటింది. ఎక్కడ ఆగి చాబీ పావు చుట్టు తిప్పిందో, ఎందుకు తిప్పిందో నా కంటికి తెలియలేదు, చెవికి మాత్రం తెలిసింది. సాయంత్రానికి నలభై పోచలూ ఒకే గొంతుతో పలికాయి. అంత అందమైన పనిని నేను అంతకుముందు చూడలేదు. ఆ తర్వాతా చూడలేదు.

రెండుసార్లు దవాఖానకు పోయొచ్చాక మళ్లీ తీసుకురమ్మంది. బరువు పడ్డాక పోచలు కుదురుకుంటాయి, అప్పుడు ఇంకోసారి సరిచూడాలి. అందాక ఎవరి చెయ్యీ పడొద్దని మరీ మరీ చెప్పింది. సరేనన్నాను.

చక్రం రాయిలా గట్టిగా నడిచింది. రెండు ప్రయాణాలయ్యాక, చెప్పినట్టే, సన్నగా టిక్కు టిక్కుమనే శబ్దం మొదలైంది. వెళ్లాల్సింది అండాలమ్మ దగ్గరికి. కానీ ఒక మధ్యాహ్నమంతా చూశాను కదా, నాకు వచ్చేసిందనుకున్నాను. ఎల్బీనగర్‌లో హార్డ్‌వేర్ షాపులో చాబీ కొన్నాను. నాన్న నిద్రపోతుంటే పెరట్లో సైకిల్ తిరగేసి, మీటి చూసి, వదులైన నాలుగు పోచల్నీ గట్టిగా బిగించాను. చక్రం తిప్పితే నిటారుగానే తిరిగింది. నాన్నకు చెప్పలేదు. ముందు అండాలమ్మకు చూపించి, ఆమెతో శభాష్ అనిపించుకున్నాక చెబుదామని నా ఆలోచన. ఆ ఊహతోనే రెండు రోజులు లోలోపల ఉబ్బిపోయాను.

ఆ శుక్రవారం వాన కుండపోతగా కురిసి రోడ్లు మునిగాయి. పోలేకపోయాం. మంగళవారం నాటికి నాన్న పాదాలు చెప్పుల్లో పట్టలేదు. పడుకుంటే ఊపిరాడక రాత్రంతా గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఆ రోజు బంద్. అంబులెన్సుకు ఫోను చేస్తే దొరకలేదు. ఎదురుచూస్తూ కూర్చునే ధైర్యం లేక నాన్నను దిండు మీద కూర్చోబెట్టి, జారిపోకుండా నా చున్నీతో నా నడుముకు కట్టుకుని బయలుదేరాను. రోడ్డు నిండా రాళ్లు, కాల్చిన టైర్లు. కొత్తపేట దగ్గర వెనక నుంచి టప్పుమంది. ఒక పోచ తెగింది. కొంతదూరం పోయాక ఇంకోటి. దిల్‌సుఖ్‌నగర్ వచ్చేసరికి మూడు తెగి, చక్రం ఊగుతూ ఫ్రేముకు రాసుకుంటోంది. నాన్న ఊపిరి నా వీపు మీద పిల్లికూతలా వినిపిస్తోంది. అప్పటికి నాకు తెలిసిపోయింది, రాళ్లు కాదు, నా చేతులే ఈ పని చేశాయని.

చౌరస్తాలో ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా బతుకమ్మలు పెట్టి చుట్టూ తిరుగుతూ పాడుతున్నారు. వాళ్లలో అండాలమ్మ ఉంది. నేను పిలవకముందే ఆమె మా వైపు తిరిగి, వలయంలోంచి బయటికొచ్చింది. నాన్నను ఇద్దరు ఆడవాళ్లు పట్టుకుని పక్కనే వేసిన టెంటు కింద చాప మీద కూర్చోబెట్టారు. ఆమె సైకిల్‌ను అక్కడే తిరగేసి, పోచల మీద వేలు ఆనించి చక్రాన్ని ఒక్క చుట్టు తిప్పింది. ఆ వేలు నాలుగుచోట్ల ఆగింది. సరిగ్గా నేను బిగించిన నాలుగుచోట్ల. నాలుగోదాని దగ్గర తలెత్తి నా కళ్లలోకి చూసింది. ఆమెకు మొత్తం తెలిసిపోయింది.

చాప మీద నుంచి నాన్న ఆయాసపడుతూ అడిగాడు. "ఏమైంది చెల్లె? మా బిడ్డ మంచిగనే తొక్కింది గద."

ఆమె నా మొహం మీంచి చూపు తిప్పలేదు. "బిడ్డ తప్పేం లేదన్నా. రోడ్డు నిండ రాళ్లున్నయి, ఏ చక్రమైన గింతే," అంది.

తర్వాత బొడ్లోంచి చాబీ తీసింది. చుట్టూ పాట, చప్పట్లు, మైకులో నినాదాలు. ఆ గోలలో పోచ పలుకు ఎవరికీ వినిపించదు. ఆమె కళ్లు మూసుకుని వేలితోనే పని చేసింది. కొత్త పోచలు వేసే తీరిక లేదు. తెగినవాటికి ఎదురుగా ఉన్నవాటిని కాస్త వదిలి, పక్కవాటికి కాస్త పని పెంచి, మిగిలిన ముప్పై ఏడింటికీ భారాన్ని మళ్లీ పంచింది. ఒక పాట అయిపోయి రెండోది ఎత్తుకునేలోపల చక్రం నిటారుగా తిరిగింది. పాడుతున్నవాళ్లు కొందరు పాట ఆపి చూశారు. నా భయం, నా సిగ్గు, అన్నిటి మధ్యా నేను ఆ వేలినే చూస్తున్నాను. మనిషి చేతికి అంత తెలుస్తుందా అనిపించింది. దవాఖాన దాకా మోస్తుందని, గుంతలొచ్చిన చోట దిగి నడిపించమని చెప్పింది. ఆడవాళ్లు బతుకమ్మల్ని పక్కకు జరిపి మాకు దారిచ్చారు. గంట తిరక్కుండా నాన్న యంత్రం పక్కన మంచం మీదున్నాడు. ఇంకొంచెం ఆలస్యమైతే కష్టమయ్యేదని నర్సు చెప్పింది.

మర్నాడు తిట్లు తినడానికి సిద్ధపడి ఒక్కదాన్నే వెళ్లాను. ఆమె తిట్టలేదు. చక్రం ఊడదీసి నా ఒళ్లో పెట్టి, నా వేలు పట్టుకుని ఒక్కో పోచ మీదా పెట్టింది. వదులైన పోచలు తప్పు చేయలేదని, ఎదురుగా ఉన్నవి వాటి బలాన్ని లాగేసుకున్నాయని, ముందు అటు వైపు చూడాలని చెప్పింది. నేను ఒప్పుకున్నాను, చాబీ కొన్నది నేనే, తిప్పింది నేనే అన్నాను. తెలుసంది. మరి నాన్నతో అబద్ధం ఎందుకు చెప్పావు పెద్దమ్మా అని అడిగాను. ఆమె చక్రం మీంచి తలెత్తలేదు.

"మీ నాయిన మళ్ల నీ ఎన్క గూసోవాలె గద బిడ్డ."

ఆ తర్వాత ఎన్నేళ్లకో రోడ్డు వెడల్పులో ఆ షెడ్డు పోయింది. ఆమె అల్మాస్‌గూడలో కూతురి దగ్గరికి చేరి, అక్కడే కన్నుమూసింది. నాకు తెలిసేసరికి పదిరోజులు దాటింది. ఆమె దగ్గర నేర్చుకున్నదాంతో వదులైన పోచ ఏదో ఇవాళ్టికీ చెప్పగలను, చక్రం కట్టడం మాత్రం నాకు రాలేదు. ఆ విద్య అందరికీ వచ్చేది కాదు. ఇప్పుడు నేను బడిలో పెద్ద టీచర్ని. ఏ పిల్లో తప్పు చేసి, ఆ పిల్ల తల్లిదండ్రులు నా ఎదుట కూర్చుని ఏమైంది మేడమ్ అని అడిగినప్పుడు, నా నాలుక చివర నిజం సిద్ధంగా ఉంటుంది. అప్పుడు ఆ పిల్ల కళ్లలోకి ఒకసారి చూస్తాను. చాలాసార్లు ఆ నిజాన్ని మర్నాటికి, మేమిద్దరమే ఉన్నప్పటికి దాచుకుంటాను.

నాన్న ఆ తర్వాత ఏడాదిన్నర బతికాడు. సమ్మె ముగిసి బస్సులు తిరిగినా, ఆయన సైకిలే అడిగేవాడు. ఆ రోజు రాళ్ల వల్ల చక్రం పోయిందని, నా బిడ్డ మాత్రం నన్ను చేర్చిందని దవాఖానలో కనబడినవాళ్లందరికీ చెప్పేవాడు. ఒకటి రెండుసార్లు నిజం చెప్పేద్దామనుకున్నాను, చెప్పలేదు. డయాలసిస్ అయి, ఒళ్లు తేలికై, తిరిగి వచ్చేటప్పుడు కొత్తపేట దాటాక ఆయన తల మెల్లగా నా వీపు మీద వాలేది. నా వెనక కూర్చుని, నడిచే సైకిల్ మీద, మా నాన్న నిద్రపోయేవాడు.